తుపాకీ మీదికెక్కిన ఎర్ర చుక్క

హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఒక వేధశాల మొదలుపెట్టాడు. తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వెళ్ళి, ఫిసల్‌బండ నుంచి బేగంపేటకు మారి, నిజామియా వేధశాలగా పేరు తెచ్చుకున్నది అదే. అక్కడి 15 అంగుళాల పెద్ద దూరదర్శిని గ్రబ్ వారి తయారీ. గ్రబ్ అంటే ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో తండ్రీకొడుకులు నడిపిన కార్ఖానా. వియన్నా నుంచి మన కొడైకెనాల్ దాకా ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన దూరదర్శినులు ఆ చేతుల్లో తయారయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900లో, కొడుకు సర్ హోవార్డ్ గ్రబ్ నక్షత్రాలతో ఏ సంబంధమూ లేని ఒక పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. అది తుపాకీ గురికి పనికొచ్చే గాజు. మరుసటి ఏడాది రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణలో దాని గురించి వివరంగా రాశాడు. ఇవాళ పోటీ పిస్టళ్ళ మీద కనిపిస్తున్న రెడ్ డాట్ సైట్‌కు మూలం అక్కడుంది.

దూరదర్శినులు చేసే గ్రబ్ మనసు తుపాకీల మీదికి ఎందుకు పోయిందంటే, ఆయనకు అందులో కనిపించింది తుపాకీ సమస్య కాదు, కంటి సమస్య. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పట్టుకున్నవాళ్ళకు ఇది అనుభవమే. కంటికి దగ్గరలో వెనక సైట్ గాడి, గొట్టం చివర ముందు సైట్ మొన, దూరాన టార్గెట్. మూడూ ఒక వరసలోకి రావాలి. కానీ మన కంటిలో ఉన్న కటకం ఒక్కటే. అది ఒకసారి ఒక దూరానికే సర్దుకుంటుంది. మొనను స్పష్టంగా చూస్తే టార్గెట్ మసకబారుతుంది, టార్గెట్‌ను చూస్తే మొన మసకబారుతుంది. వందల ఏళ్ళుగా తుపాకీ పట్టినవాళ్ళంతా ఈ ఇబ్బందితోనే రాజీపడ్డారు. ఆ రాజీని శిక్షకులు సూత్రంగా మార్చారు: ముందు సైట్ మొననే చూడు, మిగతా రెండూ మసకగా ఉన్నా ఫరవాలేదు. ద్రోణుడి పరీక్షలో అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్నాడు. ఆ జవాబే ఈ గాడీ మొనా ఉన్న ఇనుప సైట్లు నేర్పే కోచ్‌కు చెప్పి ఉంటే, ఆ రోజుకు విల్లు కింద పెట్టించి ఇంటికి పంపేవాడు.

మొననే ఎందుకు చూడమంటారో లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు సైట్ల మధ్య 16 సెంటీమీటర్లున్న పిస్టల్‌లో మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 25 మీటర్ల దూరంలో తూటా 15 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. మిల్లీమీటరు తేడా పట్టుకోవాలంటే ఆ మిల్లీమీటరు ఉన్న చోటే కన్ను పెట్టాలి. వేరే దారి లేదు.

గ్రబ్ ఆలోచన ఇలా నడిచింది. తుపాకీ గొట్టం నుంచి సెర్చ్‌లైట్ లాంటి సన్నటి కాంతి పుంజం సూటిగా వెళ్ళి టార్గెట్ మీద పడితే, వెలుగు పడ్డ చోటే తూటా తగులుతుంది, కన్ను ఇంక టార్గెట్‌ను తప్ప దేన్నీ చూడనక్కర్లేదు. అలాంటిది ఆచరణలో కుదరదని ఆయనే ఒప్పుకున్నాడు. లేజర్ పుట్టడానికి ఇంకా 60 ఏళ్ళుంది. అయితే నిజమైన పుంజం లేకపోయినా, ఉన్నట్టు కంటికి కనిపిస్తే చాలు కదా. పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు చేసుకోండి. కటకం నాభి దగ్గరో, పుటాకార దర్పణం నాభి దగ్గరో ఒక వెలుగు గుర్తు పెడితే, దాని కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి. సమాంతరంగా వచ్చే కిరణాలు కంటికి అనంత దూరం నుంచి వస్తున్నట్టే తోస్తాయి. మధ్యలో వాలుగా ఒక గాజు పలక పెడితే దాని గుండా టార్గెట్ కనబడుతుంది, దాని మీద ప్రతిఫలించి గుర్తూ కనబడుతుంది. రెండూ ఒకే దూరంలో, రెండూ స్పష్టంగా. తల కాస్త అటూ ఇటూ కదిలినా గుర్తు టార్గెట్ మీదనే నిలబడుతుంది. నక్షత్రాలను చూసే గాజును జీవితమంతా చెక్కినవాడికి అనంత దూరం అనే మాట కొత్త కాదు. బహుశా అందుకే ఈ ఆలోచన సైనికుడికి కాక ఆయనకు తట్టింది.

ఇంత మంచి ఆలోచన రైఫిల్ మీదికి, పిస్టల్ మీదికి వెంటనే ఎందుకు రాలేదు? వెలుగు లేక. పగటి వెలుతురుతో వెలిగించిన గుర్తు మబ్బు పడితే కనబడదు, బల్బు పెడితే దానికి కావలసిన కరెంటుకు పెద్ద బ్యాటరీ మోయాలి. బరువు అంతగా లెక్కలోకి రాని, కరెంటు దొరికే చోటు విమానం. 1918లో బెర్లిన్‌కు చెందిన ఓయిగీ సంస్థ యుద్ధ విమానాల మీద ఇలాంటి సైట్లను పెట్టి చూసింది. రెండో ప్రపంచ యుద్ధానికి బ్రిటన్‌లో గ్లాస్గో నగరపు బార్ అండ్ స్ట్రౌడ్ తయారుచేసిన రిఫ్లెక్టర్ సైట్లు స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు అమరాయి. కుదుపుల మధ్య పైలట్ తల ఒక చోట నిలవదు. నిలవకపోయినా గురి చెదరని పరికరం అతనికే మొదట అక్కరకొచ్చింది. ఈనాటి యుద్ధ విమానాల్లో పైలట్ ఎదుట గాజు మీద వెలిగే అంకెలు, గీతలు కూడా ఆ వంశానివే. గ్రబ్ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం దాకా లేడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములకు పెరిస్కోపులు చేసి, 1931లో కన్నుమూశాడు.

చేతి ఆయుధాల మీదికి ఈ చుక్క రావడానికి ఇద్దరు ఇంజనీర్లు కావలసి వచ్చింది. మొదటివాడు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న నిక్ హోలోన్యాక్. 1962లో ఆయన కంటికి కనిపించే ఎర్రటి వెలుగునిచ్చే ఎల్‌ఈడీని తయారుచేశాడు. ఇసుక రేణువంత వెలుగు, చిటికెడు కరెంటు. రెండోవాడు స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌కు చెందిన జాన్ ఎక్‌స్ట్రాండ్. ఎల్‌ఈడీని వంపు అద్దం నాభి దగ్గర కూర్చోబెట్టిన ఆయన నమూనా ఆధారంగా స్వీడన్‌కే చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో మొదటి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అద్దం మీది పూత ఎర్ర వెలుగును మాత్రం వెనక్కి కొట్టి, మిగతా రంగులను దాటనిస్తుంది. అందుకే చాలా రెడ్ డాట్ సైట్ల గుండా చూస్తే లోకానికి కొద్దిగా నీలి రంగు అద్దినట్టుంటుంది. చుక్క ఎరుపు కావడంలో సౌందర్య దృష్టి ఏమీ లేదు, చవగ్గా దొరికిన తొలి ఎల్‌ఈడీ ఎరుపే.

ఎయిమ్‌పాయింట్ సైట్‌కు కొంచెం ముందే ఒక విచిత్రమైన దాయాది కూడా పుట్టింది, తర్వాతి కథకు అది కావాలి కాబట్టి ఇక్కడ ఆగుతాను. పేరు సింగిల్‌పాయింట్. ఈ గొట్టంలో చుక్క ఉంటుంది, కానీ గొట్టం గుండా అవతలివైపు ఏమీ కనబడదు. ముందు భాగం మూసేసి ఉంటుంది. ఒక కన్ను చీకట్లో వెలుగు చుక్కను చూస్తుంది, రెండో కన్ను గొట్టం పక్కనుంచి నేరుగా టార్గెట్‌ను చూస్తుంది. రెండు బొమ్మలనూ మెదడు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సోన్‌టే జైలు మీద అమెరికా సైనికులు రాత్రివేళ దాడి చేసినప్పుడు వాళ్ళ తుపాకుల మీద ఉన్నవి ఇవే. చీకట్లో ఇనుప సైట్లు దొరక్క శిక్షణలో గురి తప్పుతుంటే, బజారులో అమ్మే ఈ సైట్లను కొనుక్కొచ్చి బిగించుకున్నారు. రెండు కళ్ళూ తెరిచి కాల్చడం మనిషికి కుదురుతుందని, మెదడే అతుకు వేసుకుంటుందని అది నిరూపించింది.

ఇక పిస్టల్. రైఫిల్‌ను భుజానికి, చెంపకు ఆనించి పట్టుకుంటాం. చెంప ఒకే చోట ఆనుతుంది కాబట్టి కన్ను ప్రతిసారీ సైట్ వెనక్కే వస్తుంది. పిస్టల్‌కు ఆ ఆధారం లేదు. చాచిన చేతుల చివర, గాలిలో ఉంటుంది. పైగా కాల్చిన ప్రతిసారీ పిస్టల్ పైభాగం, స్లైడ్ అనేది, సెకనులో పదో వంతు కూడా పట్టకుండా వెనక్కి కొట్టుకుని ముందుకొస్తుంది. ఆ దెబ్బలకు తొలి నాళ్ళ ఎలక్ట్రానిక్ సైట్లు తట్టుకునేవి కావు. అందుకని 1980లలో పోటీదారులు సైట్‌ను స్లైడ్ మీద కాకుండా, కదలని ఫ్రేమ్‌కు ఒక లోహపు వంతెన బిగించి దాని మీద పెట్టారు. సగం పిస్టల్, సగం దూరదర్శినిలా ఉండే ఆ తుపాకీని చూసి నవ్వినవాళ్ళు తక్కువేమీ కాదు.

1976లో అమెరికాలోని మిజోరీ రాష్ట్రం కొలంబియాలో పుట్టిన ఐపీఎస్‌సీ సంస్థ నడిపే ప్రాక్టికల్ షూటింగ్ పోటీలే ఈ నవ్వులకు, ఈ ప్రయోగాలకు వేదిక. ఈ ఆటలో ఒక చోట నిలబడి కాల్చడం ఉండదు. హోల్‌స్టర్ నుంచి పిస్టల్ తీయాలి, గోడల మధ్య పరుగెత్తాలి, దగ్గరున్నవీ దూరమున్నవీ వరసగా కాల్చాలి. వచ్చిన మార్కులను పట్టిన సమయంతో భాగిస్తారు. సగం సెకను కూడా డబ్బులాంటిదే. 1983, 1986, 1988 ప్రపంచ పోటీల్లో ఇనుప సైట్లతో రాబ్ లీథమ్ తిరుగులేకుండా గెలిచాడు. దగ్గరి టార్గెట్ల మీద చుక్కను వెతుక్కునేలోపు ఇనుప సైట్‌వాడు రెండు తూటాలు పేలుస్తాడన్నది అప్పటి వాదం. అందులో నిజముంది కూడా. చుక్క సైట్ అలవాటు కానివాడి మీద ఆ వాదం ఈ రోజుకీ గెలుస్తుంది.

1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రపంచ పోటీని డగ్ కోనిగ్ గెలిచాడు. రెడ్ డాట్ పెట్టుకుని ఆ పోటీ గెలిచిన మొదటివాడు ఆయనే. అదే ఏడాది అమెరికాలో బియాంకీ కప్ అనే పిస్టల్ పోటీలో 192 తూటాలకు 1920 మార్కులు, అంటే ఒక్కటీ పోకుండా సాధించాడు. ఆ తర్వాత వాదం ముగిసింది, గొడవ మొదలైంది. గాజు ఉన్నవాడితో ఇనుప సైట్‌వాడిని ఒకే పట్టికలో పెట్టడం అన్యాయమని అందరికీ అర్థమై, పోటీని విభాగాలుగా చీల్చారు. చుక్కకు ఓపెన్ విభాగం, ఇనుముకు వేరే విభాగం. క్రీడల్లో ఒక పరికరం ఆటనే రెండు ముక్కలు చేసిన సందర్భాలు నాకు తెలిసి ఎక్కువ లేవు.

1990లలో సీ-మోర్ లాంటి తేలికపాటి సైట్లు వచ్చి గొట్టం స్థానంలో వెడల్పాటి కిటికీ పెట్టాయి. తర్వాతి దశాబ్దంలో సైట్ అగ్గిపెట్టె అంతకు చిక్కింది, స్లైడ్ మీదే కూర్చునేంత గట్టిపడింది. ట్రైజికాన్ సంస్థ ఆర్‌ఎంఆర్ నమూనాలో చట్రం పైభాగాన్ని రెండు చెవుల్లా మలిచి, కింద పడితే దెబ్బ గాజుకు కాకుండా గోడలకు పోయేలా చేశారు. మొదట్లో ఎవరికి వారు స్లైడ్‌ను కోయించుకుని సైట్ బిగించుకునేవాళ్ళు. పిస్టళ్ళ తయారీ సంస్థ గ్లాక్ 2015లో సైట్‌కు చోటు ముందే కోసిన పిస్టళ్ళను అమ్మకానికి పెట్టడంతో అది మామూలు వస్తువైంది. బ్యాటరీ బాధ కూడా తీరింది. గడియారం బిళ్ళలాంటి ఒక్క సీఆర్2032 బ్యాటరీతో 50,000 గంటలు వెలుగుతామని చెప్పే సైట్లున్నాయి. అంటే అయిదేళ్ళ పైమాటే.

ఇక్కడిదాకా వస్తువు కథ. గాజు సరిపోయింది, వెలుగు సరిపోయింది, మరలు సరిపోయాయి. సర్దుకోవలసింది మిగిలిపోయింది మనిషి ఒక్కడే, నన్నడిగితే అసలు కథ అక్కడే మొదలవుతుంది. పదేళ్ళు ఇనుప సైట్లతో పతకాలు కొట్టినవాడు కొత్తగా చుక్క సైట్ బిగించుకుని రేంజ్‌కు వెళ్తే, మొదటి రోజు అతనికి ఎదురయ్యేది ఖాళీ కిటికీ. పిస్టల్ ఎత్తుతాడు, గాజులోంచి టార్గెట్ కనబడుతుంది, చుక్క కనబడదు. సైట్ చెడిపోయిందేమోనని తిప్పి చూస్తాడు. వెలుగుతూనే ఉంటుంది.

దీని వెనక ఉన్న లెక్క చిన్నదే. చుక్క కిరణాలు సమాంతరంగా వస్తాయన్నాం కదా. అంటే అవి కిటికీ అంత వెడల్పున్న కనబడని గొట్టంలా వెనక్కి వస్తాయి. కన్ను ఆ గొట్టంలో ఉంటేనే చుక్క కనబడుతుంది. కిటికీ రెండు సెంటీమీటర్ల వెడల్పుంటే, చాచిన చేతుల చివర అది కంటికి దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పిస్టల్ మూతి ఒక్క డిగ్రీ వంగితే చాలు, చుక్క కిటికీ అంచు దాటిపోతుంది. ఇనుప సైట్లలో అయిదు డిగ్రీలు తప్పినా ముందు మొన ఎక్కడో ఒక చోట కనబడుతూ, ఎటు తిప్పాలో చెబుతూ ఉంటుంది. తప్పును చూపించి దిద్దే గురువు అది. చుక్క అలా కాదు. నువ్వు దాదాపు సరిగ్గా ఉన్నప్పుడే కనబడుతుంది, తప్పులో ఉన్నప్పుడు ఎంత తప్పో, ఎటు తప్పో ఒక్క మాట చెప్పదు.

సాధారణంగా చుక్క దాక్కునేది కిటికీ పైఅంచుకు అవతల. కారణం రెండు పాళ్ళు అలవాటు, ఒక పాలు ఎత్తు. చుక్క సైట్ ఇనుప సైట్ల కంటే పైన ఉంటుంది. పాత అలవాటుతో చేతులు పిస్టల్‌ను పాత ఎత్తుకే తెస్తాయి, మూతి పైకి లేస్తుంది. దాంతో షూటర్ గడ్డం దించుతాడు, మెడ చాచుతాడు, మణికట్టు తిప్పి వెతుకుతాడు. వెతుకుతున్నంతసేపూ గడియారం నడుస్తూనే ఉంటుంది. అనుభవం ఉన్న శిక్షకులు చెప్పేది ఒక్కటే: చుక్క కోసం వెతకొద్దు. తల కదపొద్దు. టార్గెట్ మీద ఒక చిన్న చోటు ఎంచుకుని కన్ను అక్కడే ఉంచు, పిస్టల్‌ను కంటి దగ్గరికి తీసుకురా. ఛాతీ దగ్గరే మూతిని మట్టంగా చేసి, చూపు గీత వెంబడే ముందుకు తొయ్యి. ఇది తూటాలతో నేర్చుకునేది కాదు, ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో గోడ ముందు నేర్చుకునేది. పిస్టల్‌లో తూటా కూర్చునే గది ఖాళీ, మ్యాగజీన్ ఖాళీ, తూటాలు వేరే గదిలో. ముందు నెమ్మదిగా, చుక్క దానంతట అదే వచ్చి కూర్చునేదాకా. వేగం తర్వాత.

చుక్క దొరికాక రెండో చిక్కు. ఇన్నేళ్ళూ ముందు సైట్ మొన మీద నిలవడానికి తర్ఫీదైన కన్ను, ఇప్పుడు వెళ్ళి చుక్క మీద వాలుతుంది. ఎర్రగా మెరుస్తున్నదాన్ని చూడకుండా ఉండటం తేలిక కాదు. కానీ గ్రబ్ శ్రమపడ్డదంతా కన్ను టార్గెట్‌ను వదలనక్కర్లేకుండా చేయడానికే. మామిడికాయను రాయి పెట్టి కొట్టే పిల్లవాడు కాయను చూస్తాడు గానీ చేతిలోని రాయిని చూడడు. చుక్క సైట్ కోరేది ఆ చూపునే. నేర్పడానికి సింగిల్‌పాయింట్ రోజుల ఉపాయమే మళ్ళీ వాడుతున్నారు: కిటికీ ముందు భాగానికి టేప్ అంటించేస్తారు. ఇప్పుడు సైట్ గుండా టార్గెట్ కనబడదు, చుక్క మాత్రం కనబడుతుంది. రెండు కళ్ళూ తెరిచి టార్గెట్ మీద చూపు పెడితే చుక్క దాని మీద తేలుతుంది, చుక్క మీద చూపు పెట్టిన మరుక్షణం టార్గెట్ మాయమై టేప్ మిగులుతుంది. మాటలతో పది సార్లు చెప్పినా అర్థం కానిది టేప్ ముక్క ఒక్క సాయంత్రంలో చెబుతుంది. దానికి తోడు వెలుగు తగ్గించాలి. కొత్తవాళ్ళు చుక్కను సూర్యబింబంలా వెలిగించుకుంటారు, కన్ను అటే పోతుంది. ఎండలో టార్గెట్ మీద కనబడేంత ఉంటే చాలు.

చుక్క గుండ్రంగా లేదని, తోకచుక్కలా, కామాలా, చీలిపోయిన మెరుపులా ఉందని కొందరు సైట్‌ను వెనక్కి ఇచ్చేస్తుంటారు. చాలాసార్లు లోపం సైట్‌లో ఉండదు. కంటిపాప ముందున్న పొర వంపు అన్ని దిశల్లో ఒకేలా లేకపోవడం, అంటే ఆస్టిగ్మాటిజం, చుక్కను అలా సాగదీస్తుంది. ఫోన్ కెమెరాతో సైట్ గుండా ఫొటో తీసి చూడండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే వెళ్ళవలసింది కళ్ళ డాక్టర్ దగ్గరికి.

మూడోది అన్నిటికంటే మొండిది: వణుకు. ఏ మనిషి చేయీ రాయిలా నిలవదు. ఇనుప సైట్లతో ఆ వణుకు మసకలో కలిసిపోయి కనబడేది కాదు. చుక్క దాన్ని దాచకుండా టార్గెట్ మీద నాట్యమాడి చూపిస్తుంది. చూసి షూటర్ కంగారుపడతాడు, చుక్క మధ్యలోకి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగర్‌ను లాగిపడేస్తాడు, తూటా కిందికి పోతుంది. నిజానికి అతని చేయి నిన్నటికంటే ఎక్కువ వణకడం లేదు, ఇవాళ కనబడుతోంది, అంతే. చుక్క ఊగే చోటు మొత్తం మార్కుల గీత లోపలే ఉంటే దాన్ని ఊగనిచ్చి, ట్రిగర్‌ను సాఫీగా వెనక్కి తేవడమే పని. అదే చుక్క ఇక్కడినుంచి మేలు చేయడం మొదలుపెడుతుంది. ఖాళీ పిస్టల్ ట్రిగర్ నొక్కినప్పుడు చుక్క ఎటు దూకితే వేలు చేసే తప్పు అటు. తూటా పేలినప్పుడు చుక్క సూటిగా లేచి సూటిగా దిగితే పట్టు సరిగ్గా ఉంది, అడ్డంగా ఒరిగితే ఏదో చేయి ఎక్కువ బిగిస్తోంది. సరైన చోటికి తేవడంలో మూగగా ఉన్న చుక్క, తర్వాత జరిగినదాని మీద మాత్రం వాగుడుకాయ.

చుక్క సైజును ఎంఓఏ అనే కోణపు కొలతలో చెబుతారు. 100 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ దాదాపు 2.9 సెంటీమీటర్లు. 6 ఎంఓఏ చుక్క 25 మీటర్ల దగ్గర 4.4 సెంటీమీటర్ల మేర కప్పుతుంది. అమెరికా ప్రాక్టికల్ పోటీల్లో అట్ట టార్గెట్ మీద పూర్తి మార్కుల భాగం వెడల్పు 6 అంగుళాలు కాబట్టి అక్కడ పెద్ద చుక్క హాయి, కంటికి తొందరగా దొరుకుతుంది. నిలబడి నెమ్మదిగా కాల్చే బుల్స్ఐ పోటీలకు చిన్న చుక్క మేలు. మరొకటి మరిచిపోకూడనిది: సైట్ గొట్టం కంటే పైన ఉంటుంది. 15 లేదా 25 మీటర్లకు సరిచేసిన చుక్క, మూడు మీటర్ల దగ్గర ఆ ఎత్తు తేడా మేరకు, అంటే రెండుమూడు సెంటీమీటర్లు, తూటాను కిందికి దింపుతుంది. అడ్డంగా నిలబెట్టిన కాల్చకూడని బొమ్మ అంచున గురి పెట్టినప్పుడు ఈ తేడా మార్కులు కోస్తుంది.

ఇంత కష్టపడి మారడం అవసరమా అని అడిగేవాళ్ళకు నా జవాబు వాళ్ళ వయసును బట్టి ఉంటుంది. అయిదారు మీటర్ల టార్గెట్ మీద ఇనుప సైట్లు బాగా అలవాటైన పాతికేళ్ళవాడికి చుక్క పెద్దగా వేగం ఇవ్వదు. 20 మీటర్లు దాటాక, సగం దాచిన టార్గెట్ల మీద తేడా స్పష్టంగా ఉంటుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళ సంగతి వేరు. ముందు సైట్ మొన ఎంత ప్రయత్నించినా తేటపడని కన్నుకు చుక్క అంటే ఆట మళ్ళీ చేతికి రావడమే. అమెరికా బుల్స్ఐ రేంజ్‌లలో పెద్దవాళ్ళు దీన్ని ఇష్టంగా తీసుకోవడంలో ఆశ్చర్యం లేదు. కుర్రవాళ్ళు వేగం కోసం, పెద్దవాళ్ళు చూపు కోసం, మొత్తానికి అందరూ అటే నడిచారు. మామూలు పిస్టల్‌కు చుక్క బిగించి ఆడే ప్రొడక్షన్ ఆప్టిక్స్ విభాగం కూడా 2022లో థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో జరిగిన ఐపీఎస్‌సీ ప్రపంచ పోటీల్లో భాగమైంది.

మన దగ్గర పిస్టల్ షూటింగ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఒలింపిక్స్ ఆటే. దాన్ని నడిపే ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల్లో పిస్టల్ మీద గాజుకు, అద్దానికి, లేజర్‌కు, వెలుగు చుక్కకు చోటు లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుకు స్వర్ణం, తనకు రజతం తెచ్చినా, పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళినా గాడీ మొనా ఉన్న ఇనుప సైట్లతోనే. ఆ షూటర్లు కళ్ళజోడులో ప్రత్యేక కటకం పెట్టించుకునేది కూడా ముందు మొన తేటగా కనబడటానికే. ఈ నిషేధాన్ని ఎత్తేయాలనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. నెమ్మదిగా కాల్చే 25 మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లు, ఇందాక చెప్పిన 6 ఎంఓఏ చుక్క ఒక్కటే దాన్ని దాదాపు కప్పేస్తుంది. చిన్న చుక్కతో ఆ ఇబ్బంది దాటొచ్చు. కానీ ఆ ఆట పరీక్షించేదే ఒక కన్ను మూడు దూరాలతో పడే పేచీని. గ్రబ్ తీసేసిన కష్టాన్ని ఒలింపిక్స్ కావాలని అట్టేపెట్టుకుంది. ప్రాక్టికల్ పోటీల్లో చుక్క ఉండాలి, ఒలింపిక్ పిస్టల్ మీద ఉండకూడదు. రెండూ వేర్వేరు ఆటలు.